"తక్కువ హాని" అన్న మాట ఎవరు తేల్చాలి?

పొగాకును కాల్చకుండా వేడిచేసి పీల్చే పరికరాలు సిగరెట్టు కన్నా మేలేనా? దీనిని తేల్చవలసింది ప్రకటన కాదు, పరీక్ష.

"లైట్" సిగరెట్ల సంగతి చూడండి. యంత్రంతో కొలిస్తే వాటిలో తారు తక్కువగా వచ్చేది. మనుషులు మాత్రం ఫిల్టరు రంధ్రాలను వేళ్లతో, పెదవులతో మూసి, గట్టిగా లాగి పీల్చారు. జబ్బులు తగ్గలేదు. 2010లో అమెరికా ఆ మాటను పెట్టెలపై నిషేధించింది.

2020లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఐకాస్ అనే పరికరాన్ని పరిశీలించింది. సిగరెట్టు పూర్తిగా మాని దీనికి మారితే హానికర రసాయనాలు శరీరంలోకి తక్కువగా చేరతాయని చెప్పుకోనిచ్చింది. జబ్బుల ముప్పు తగ్గుతుందని మాత్రం చెప్పుకోనివ్వలేదు. ఈ తేడాను మనం గుర్తుంచుకోవాలి.

కంపెనీలతో సంబంధం లేనివారు, మనుషులను ఏళ్ల తరబడి గమనించి నిర్ధారించే వరకు "మేలు" అనే మాట ఎవరూ వాడకూడదని మా అభిప్రాయం. మన దేశం 2019 చట్టంతో ఈ-సిగరెట్లతో పాటు వీటి అమ్మకాన్ని, దిగుమతిని నిషేధించింది. కాబట్టి విదేశాల్లోని బంధువులను వీటిని తెమ్మని అడగకండి. పొగ మానాలనుకుంటే డాక్టరును కలవండి. నికోటిన్ గమ్, సలహా వంటి పరీక్షకు నిలిచిన మార్గాలు ఇప్పటికే ఉన్నాయి.