యంత్రం మారింది, పగ్గాలు ఎవరి చేతిలో?

ఢిల్లీలో నెహ్రూ ప్లేస్‌కు వెళ్లివచ్చిన వారికి ఈ సంగతి అనుభవంలో ఉండే ఉంటుంది: అక్కడ కొత్త కంప్యూటర్లు అమ్మేవారికన్న పాతవాటిని బతికించేవారికే గిరాకీ ఎక్కువ. ఆ మధ్య ఒక సాయంత్రం నేను కూడా పాత యంత్రాన్ని సంచిలో పెట్టుకుని అటువంటి ఒక దుకాణం మెట్లెక్కాను. కౌంటరు వెనుక ఉన్న యువకుడు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేమీ జబ్బు లేదు సాబ్, కంపెనీయే దీన్ని వదిలేసింది" అన్నాడు.

ఇరవై అయిదేళ్లకు పైగా నేను ఒకే సంస్థ కంప్యూటర్లు వాడాను. ఆ సంస్థ పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసం నా సొంత ఫిర్యాదు అర్జీగా మారిపోతుంది. పార్టీని నమ్ముకున్న కార్యకర్త వలె నేను ఆ సంస్థను నమ్ముకున్నాను. ఎవరైనా విమర్శిస్తే వాదించాను. ప్రతి కొత్త నమూనాలోనూ ఏదో ఒక సౌకర్యాన్ని తొలగించి, ఆ తొలగింపునే అభివృద్ధిగా ప్రకటించినప్పుడు సైతం సమర్థించాను. నాయకుడు ఫిరాయించిన తర్వాత కూడా పాత జెండాను మోస్తూ తిరిగే అమాయకులను ఈ రాజధానిలో చాలామందిని చూశాను, నవ్వుకున్నాను. నేనూ వారిలో ఒకడినని గ్రహించడానికి ఇంతకాలం పట్టింది.

యంత్రానికి భద్రతా సవరణలు పంపడం మానివేశారన్నది చిన్న కారణమే. అసలు దెబ్బ మరొక చోట తగిలింది. 1990 దశకంలో నేను రాసిన వ్యాసాలు, వాటికన్న ముఖ్యంగా అచ్చుకు ఎక్కని నోట్సు, ఆ సంస్థవారి రాత ప్రోగ్రాములోనే భద్రపరిచాను. ఆ ప్రోగ్రాము కాలక్రమంలో అంతరించింది. దాని స్థానంలో వచ్చినది పాత ఫైళ్లను గుర్తించనన్నది. నానా తంటాలు పడి వాటిని తెరిపించగలిగినా, తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కలగలిసిన ఒక గందరగోళం కనిపించింది.

ఈ రెండవ దురవస్థ నా ఒక్కడిది కాదు. తెలుగు ముద్రణాలయాలన్నీ దీనిని అనుభవించాయి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినా, మన పత్రికలు, ప్రచురణ సంస్థలు చాలాకాలం దాని జోలికి పోలేదు. ఒక్కొక్క ఫాంటు తయారీదారు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల వెనుక తన ఇష్టం వచ్చినట్లు తెలుగు ముక్కలను దాచేవాడు. తలకట్టు ఒక సంఖ్య, గుడి ఒక సంఖ్య, ఒత్తు మరొకటి. ఒకరి లెక్క వేరొకరికి చెల్లదు. ఆ ఫాంటు ఉన్నంతకాలం అది తెలుగు, తీసివేస్తే పిచ్చిగీతలు. అంటే మనం రాసినది మన భాషలో కాదు, ఒక వ్యాపారి రహస్య లిపిలో. ఆ వ్యాపారి దుకాణం మూసుకుంటే మన రాతకు అర్థం చెప్పే నాథుడు ఉండడు. నాకు ఫాంటు అమ్మిన చిన్న సంస్థ ఎప్పుడు మూతపడిందో కూడా తెలియలేదు.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో కూలిన రాత్రి నేను రాసుకున్న నోట్సు ఆ విధంగా తెరమీదకు వచ్చింది. ఆ పిచ్చిగీతల మధ్య రెండే రెండు విషయాలు స్పష్టంగా చదవగలిగాను: 269, 270. అంకెలను మాత్రం ఫాంటు తయారీదారు దయతలచి ముట్టుకోలేదు.

ఇదంతా ఒక విలేకరి సొంత గోడు అని పాఠకులు అనుకోవచ్చు. కాని, ఇదే కథ ప్రభుత్వాల స్థాయిలో, పరిశ్రమల స్థాయిలో ఇప్పుడు మన కళ్ల ఎదుట జరుగుతున్నది. దీనికి నాందిగా పాత ముచ్చట ఒకటి జ్ఞాపకం చేయవలసి ఉన్నది.

కంప్యూటర్ అంటే ఐబీఎం అనుకునే రోజులు ఈ దేశంలో ఉండేవి. ఆ సంస్థ 1950 దశకం ఆరంభం నుంచి ఇక్కడ పాదుకొని, ఇతర దేశాలలో వాడి వదిలేసిన యంత్రాలను బాగుచేసి మనకు అద్దెకిస్తున్నదన్న విమర్శను పార్లమెంటులో ఎదుర్కొన్నది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని జనతా ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పటి పరిశ్రమల మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ సంగతి చెప్పనక్కరలేదు. ఐబీఎం ససేమిరా అని 1978లో దేశం విడిచి వెళ్లిపోయింది. ఆనాడు చాలామంది పెద్దలు కంప్యూటర్ల గదులకు ఇక తాళాలే అని జోస్యం చెప్పారు. తాళాలు పడలేదు. యంత్రాలు ఇక్కడే మిగిలాయి. వాటి మరమ్మతు బాధ్యతను ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే తర్వాత మన హైదరాబాదులో స్థిరపడిన సీఎంసీ, స్వీకరించింది. ఆ సీఎంసీ ఇంజనీర్లే 1980 దశకం మధ్యలో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణకు పూనుకున్నారు.

రైల్వేల కథ ఇంకా ఆసక్తికరమైనది. ఆ వ్యవస్థను డిజిటల్ అనే అమెరికన్ సంస్థ యంత్రాల మీద నిర్మించారు. 1998లో డిజిటల్‌ను కాంపాక్ మింగింది, 2002లో కాంపాక్‌ను హెచ్‌పీ మింగింది. రైల్వేలు నమ్ముకున్న పేరు ఆ విధంగా రెండుసార్లు గతించింది. అయినా సికింద్రాబాద్ స్టేషన్‌లో టికెట్ల కిటికీ మూతపడలేదు. కారణం, నడిపించే ప్రోగ్రాములు ఇక్కడివారు రాసినవి, ఇక్కడే ఉన్నవి. 2010లో అమర్చిన యంత్రాలతో, అదే పాత ఓపెన్‌వీఎంఎస్ వ్యవస్థతో నెట్టుకొస్తున్నామని, దానిని సమూలంగా మార్చే పని చేపట్టామని రైల్వే మంత్రిత్వశాఖ 2025లో పార్లమెంటుకు తెలిపింది. ఆలస్యం విమర్శించదగినదే. కాని, ఆలస్యం చేసే వెసులుబాటు కూడా ఒక స్వాతంత్ర్యమే కదా!

ఇక 2025 జూలైకి వద్దాము. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధిచేసే నయారా ఎనర్జీలో రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉన్నది. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో యూరోపియన్ యూనియన్ ఆ శుద్ధి కర్మాగారంపై ఆంక్షలు విధించింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు ఈమెయిల్ తదితర సేవలను నిలిపివేసింది. ఆంక్షలు విధించినది భారత్ కాదు, ఐక్యరాజ్యసమితి కాదు. మైక్రోసాఫ్ట్ యూరప్ సంస్థ కూడా కాదు. డబ్బు పూర్తిగా చెల్లించి కొన్న లైసెన్సులు ఉండగా మా సమాచారాన్ని మాకే అందకుండా చేశారని నయారా ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టింది. కేసు వార్తలకెక్కిన రెండు మూడు రోజులకే సేవలను పునరుద్ధరించారు. ఈలోగా ఆ చమురు సంస్థ తన ఉత్తరప్రత్యుత్తరాలకు రెడిఫ్‌ను ఆశ్రయించవలసి వచ్చింది.

1978కీ 2025కీ మధ్య ఉన్న వ్యత్యాసం ఇక్కడే గమనార్హం. ఆనాడు కంపెనీ పోయింది, యంత్రం మిగిలింది. ఈనాడు కంపెనీ ఎక్కడికీ పోలేదు, యంత్రం బల్ల మీదే ఉన్నది, లోపలి సరుకు మాత్రం అందకుండా పోయింది. ఫెర్నాండెజ్ ఐబీఎంతో తలపడే ధైర్యం చేయగలిగాడంటే, బెదిరింపుకు లొంగని ఇనుప యంత్రాలు మన గదులలో ఉండడం అందుకు కొంత కారణం. అంత ధైర్యం చేయడానికి ఇప్పటి మంత్రికి ఏమి మిగిలి ఉన్నదన్నది నా ప్రశ్న.

ఈ సంఘటన తర్వాత రాజధానిలో స్వదేశీ నినాదం మళ్లీ వినిపించడంలో ఆశ్చర్యం లేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన పత్రాలను, పట్టికలను చెన్నై కేంద్రంగా గల జోహో సంస్థ సాధనాలకు మారుస్తున్నట్లు ప్రకటించారు. అక్టోబరులో విద్యాశాఖ తన అధికారులను ఆ సంస్థ సాధనాలే వాడవలసిందిగా ఆదేశించింది. హోంమంత్రి అమిత్ షా తన ఈమెయిల్ చిరునామాను అటు మార్చారు. అంతకుముందే, సుమారు 12 లక్షల మంది ప్రభుత్వ సిబ్బంది ఈమెయిళ్లు ఆ సంస్థ నిర్మించిన వేదికపైకి చేరాయి. శ్రీధర్ వెంబు, ఆయన సహచరులు 1996లో మొదలుపెట్టి బయటి పెట్టుబడిదారులకు లొంగకుండా పెంచిన సంస్థ అది. దాని సామర్థ్యాన్ని చూసి గర్వపడడానికి నాకు అభ్యంతరం లేదు. విదేశీ గుత్తాధిపత్యం కన్న స్వదేశీ సంస్థ మేలన్న వాదన కూడా కొట్టివేయదగినది కాదు. మన కోర్టుల పరిధిలో ఉండే కంపెనీని మన కోర్టుకు ఈడ్వవచ్చును.

అయినా నా సందేహం తీరడం లేదు. నాకు ఫాంటు అమ్మినవాడు కూడా స్వదేశీయే కదా! అతడు పక్కా భారతీయుడు, పైగా తెలుగు మీద అభిమానం ఉన్నవాడు. ఆ అభిమానం నా నోట్సును కాపాడలేదు. విదేశీ యజమాని స్థానంలో స్వదేశీ యజమానిని కూర్చోబెట్టి విమోచనం జరిగిందని పండుగ చేసుకోవడం ఈ దేశ రాజకీయాలకు కొత్త కాదు. అడగవలసిన ప్రశ్న మరొకటి: రేపు ఈ సంస్థతో కూడా పొసగకపోతే మన కాగితాలను మూటకట్టుకుని నలుగురూ చదవగలిగిన రూపంలో బయటికి రాగలమా?

ఈ ప్రశ్న ప్రభుత్వానికి తట్టలేదని అనలేము. ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలనే వాడాలన్న విధానాన్ని కేంద్రం 2010లోనే ప్రకటించింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానం 2015లో వచ్చింది. అంతకుముందు, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన పత్రాల రూపాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తించే విషయమై 2007లో వోటింగు జరిగినప్పుడు భారత్ వ్యతిరేకించి, 2008లో కూడా ఆ వైఖరికే కట్టుబడింది. ఇంతటి చరిత్ర ఉన్న ప్రభుత్వ కార్యాలయాల నుంచే ఈనాటికీ పాత ఫాంటులో టైపుచేసిన సర్క్యులర్లు రావడం నేను చూస్తూనే ఉన్నాను. శాసనం ఒక బీరువాలో, ఆచరణ మరొక బల్ల మీద!

కేరళ ఈ విషయంలో మాటకన్న పని ఎక్కువ చేసింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, లినక్స్‌తో, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నాయి. ముందు ఉపాధ్యాయులకు నేర్పి, తర్వాత పిల్లల దగ్గరకు వెళ్లడం వారి విజయ రహస్యమని నా అభిప్రాయం. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఇదే దారిలో చాలాదూరం వెళ్లి, 2017లో వెనుదిరగాలని తీర్మానించిందన్నది కూడా దాచవలసిన విషయం కాదు.

వెనుదిరగాలన్న కోరిక ఎంత బలమైనదో నాకు తెలుసు. నేనిప్పుడు లినక్స్ వాడుతున్నాను. మొదటి వారంలో మూడు రోజులు ప్రింటరు మాట వినలేదు. పాత టైపుమిషను పద్ధతికి అలవాటుపడిన వేళ్లకు ఇన్‌స్క్రిప్ట్ మీటలు నేర్పడం ఈ వయసులో అక్షరాభ్యాసం వంటిది. రెండుసార్లు విసిగి పాత సంస్థ కొత్త నమూనా ధర కూడా విచారించాను. ఈ మాట ఒప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉన్నది.

నెహ్రూ ప్లేస్ యువకుడు మాత్రం తన మాట నిలబెట్టుకున్నాడు. పాత ఫాంటు సంఖ్యలను యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామును, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, నేను రాసిచ్చిన పట్టికను చూసి తయారుచేశాడు. అందులో ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతున్నాయి. వాటిని నేను చేత్తో దిద్దుకుంటున్నాను. 1999 ఏప్రిల్ నాటి నోట్సు పదకొండు పుటలు. నాలుగు పూర్తయ్యాయి. ఆ రాత్రి సెంట్రల్ హాలులో ఒక ఎంపీ నాతో అన్న మాట ఏడవ పుటలో ఉండాలి. ఇంకా అక్కడికి చేరలేదు.