ఓడెక్కి వచ్చే బొమ్మల కథ

ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలున్నవారికి ‘మాంగా’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కుడి నుంచి ఎడమకు చదివే ఈ జపాన్ బొమ్మల కథలు ఒక పుస్తకంతో ఆగవు. ‘నరుతో’ ఒక్కటే 72 సంపుటాలు. ఒక్కోటి అటూ ఇటూగా 200 గ్రాములు అనుకున్నా మొత్తం 14 కిలోల పైమాటే. కిలోల లెక్కన కొలవాల్సిన సాహిత్యమిది! విదేశీ ఆన్‌లైన్ దుకాణంలో ధర చూసి మురిసిన పిల్లలు, చివరి పేజీలో పోస్టేజీ కలిశాక నోరెళ్లబెట్టేది ఈ బరువు వల్లే. గోరంత పుస్తకానికి కొండంత పోస్టేజీ.

ఆ కొండను కొన్నేళ్లపాటు ఒక దుకాణం తానే మోసింది. బ్రిటన్‌లో 2004లో మొదలైన ‘బుక్ డిపాజిటరీ’ చాలా దేశాలకు పోస్టేజీ లేకుండా పుస్తకాలు పంపేది. 2011లో అమెజాన్ దాన్ని కొనేసింది, 2023 ఏప్రిల్‌లో మూసేసింది. ఇప్పుడు ఆదా చేయాలంటే లెక్కలు మనమే వేసుకోవాలి.

జపాన్‌లోనే చవగ్గా దొరకవా అంటే, అక్కడో చిత్రమైన కట్టుబాటుంది. 1953 నుంచి కొత్త పుస్తకం ధరను ప్రచురణకర్తే నిర్ణయించవచ్చు. దుకాణదారు తగ్గించి అమ్మడు. బేరం లేదు, పండగ డిస్కౌంటు లేదు. అందుకేనేమో అక్కడ పాత పుస్తకాల వ్యాపారం అంతగా పెరిగింది. 1990లో మొదలైన ‘బుక్ ఆఫ్’ దుకాణాల్లో పాత సంపుటాలు కొత్తవాటి ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. కథ మొత్తాన్ని ఒకే కట్టగా అమ్మడమూ అక్కడ మామూలే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద కూర్చుని పుస్తకాలు ఏరినవారికి ఆ ఆనందం వివరించనక్కర్లేదు. కాకపోతే అవి జపనీస్‌లో ఉంటాయి. ఆ భాష నేర్చుకుంటున్నవారికి వరమే. ఇంగ్లిష్‌లో చదివేవారు మూడు సంపుటాలు ఒకే అట్టలో వచ్చే ముద్రణలు చూసుకోవడం మేలు. అలా కొంటే ‘నరుతో’ 24 పుస్తకాలకు దిగుతుంది.

ఇక దారి ఖర్చు. పార్సిల్లో మొదటి పుస్తకానికి పడినంత భారం పదో పుస్తకానికి పడదు. కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి ఒక్కసారే తెప్పించుకోవడం తెలివి. విమానం బదులు ఓడ మీద పంపే వీలుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, నెలలు మాత్రం ఆగాలి. విదేశీ కరెన్సీ మార్చినందుకు క్రెడిట్ కార్డు కోసుకునే శాతాన్నీ, దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్ వేసిన 5 శాతం సుంకాన్నీ ముందే కలుపుకోవాలి. ఇవన్నీ వేశాక మన ఊరి దుకాణంలోని ఇంగ్లిష్ ప్రతే చవకని తేలడం కొత్తేమీ కాదు. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో చుట్టాలుంటే మరో దారి ఉంది: ఆవకాయ పట్టుకెళ్లిన సూట్‌కేసు ఖాళీగా తిరిగి రాకూడదు కదా.

అసలు, కొనే ముందు చదివి చూడటమే అన్నిటికంటే పెద్ద ఆదా. 2019లో మొదలైన ‘మాంగా ప్లస్’ యాప్‌లో చాలా కథల తొలి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు ఉచితంగా, చట్టబద్ధంగా చదువుకోవచ్చు. పదో అధ్యాయానికే విసుగొచ్చే కథ కోసం పద్నాలుగు కిలోలు సముద్రం దాటించడమెందుకు?

మన పాత నవలల్లాగే మాంగా కూడా ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాతే సంపుటమవుతుంది. ఒకప్పుడు మన ఇళ్లలో అమ్మలు వారపత్రికల్లోని సీరియల్ కాగితాలు కత్తిరించి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచుకునేవారు. ఒక్కో నవలకు ఏడాది పట్టేది, పైసా అదనపు ఖర్చు లేదు. మధ్యలో ఏ వారమైనా పక్కింటివాళ్లు పత్రిక తీసుకెళ్లి ఇవ్వకపోతే ఆ అధ్యాయం ఇప్పటికీ లోటే. మనవరాలు ఓడ పార్సిల్ కోసం రోజూ ఫోన్‌లో ట్రాకింగ్ చూసుకుంటుంటే, ఆ కుట్ల పుస్తకం ఉన్న ఇంట్లో అమ్మమ్మకు ఆ ఎదురుచూపు బాగానే అర్థమవుతుంది. పెట్టె వచ్చేసరికి పిల్ల ఇంటర్లో చేరిపోతుందేమో, అది వేరే సంగతి.