గడియ వేయడం వేరు, పడటం వేరు

కిట్ కొని ఇంటి దగ్గర కట్టుకునే వాన్స్ ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల చిన్న విమానం తలుపు కారు తలుపులా పక్కకు తెరుచుకోదు. దాని బందులు పైకప్పు దగ్గర ఉంటాయి. పక్షి రెక్క ఎత్తినట్టు పైకి లేస్తుంది. కిందికి దించి లోపలి హ్యాండిల్ తిప్పితే తలుపు అంచుల్లోంచి రెండు పిన్నులు బయటికొస్తాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. అవి చట్రంలోని బెజ్జాల్లోకి దిగితే గడియ పడినట్టు. చిక్కంతా వెనక పిన్ను దగ్గరే. తలుపు ఫైబర్‌గ్లాసుది కాబట్టి కాస్త వంగుతుంది. దాని వెనక వైపు కింది మూల కొద్దిగా బయటికి నిలిచిపోయిందంటే, పిన్ను బెజ్జంలోకి దిగకుండా చట్రం వెలుపలి నుంచి జారి వెనక్కి పోతుంది. హ్యాండిల్ మాత్రం చివరిదాకా తిరుగుతుంది. తలుపు వేశానన్న నమ్మకం చేతికి కలుగుతుంది. ఎడమ సీట్లో ఉన్న పైలట్‌కు కుడి తలుపు వెనక పిన్ను పక్కవారి భుజం వెనకెక్కడో ఉంటుంది, తల తిప్పినా సరిగ్గా కనపడదు. ఈ విమానాల్లో కొన్నింటికి గాలిలో ఉండగానే తలుపులు ఊడిపోయాయి. ఆ తర్వాతే కిట్ అమ్మే కంపెనీ అదనపు సేఫ్టీ లాచ్‌ను అమర్చుకొమ్మని సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. ఇంటి దగ్గర కట్టుకునే విమానాల భద్రత గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఇంజన్ గురించి, రెక్కల గురించి చర్చిస్తారు. తలుపు గడియను చిల్లర విషయంగా వదిలేస్తారు. అది చిల్లర విషయం కాదు. హ్యాండిల్ ఎక్కడుందో చెప్పే గడియ చాలదు, పిన్ను ఎక్కడుందో చెప్పే గడియ కావాలి.

గాలి లెక్క ఒకసారి చూస్తే విషయం బోధపడుతుంది. గాలి ఒత్తిడి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. సముద్ర మట్టం దగ్గర గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చదరపు మీటరుకు సుమారు 120 కిలోల బరువుతో నెట్టినట్టు ఉంటుంది. అదే 320 కిలోమీటర్లకు చేరితే నాలుగింతలవుతుంది. ఆర్‌వీ-10 మామూలుగా ఎగిరే వేగం దాదాపు అంతే. క్యాబిన్ పైకప్పు గుండ్రంగా ఉంటుంది గనుక దాని మీదుగా గాలి మరింత వేగంగా పరుగెత్తుతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, తలుపును బయటికి లాగుతుంది. ఆ ఒత్తిడిలో సగమే లాగుడుగా మారిందనుకున్నా తలుపు మీద పడేది వందల కిలోల్లో మాట. రన్‌వే మీద నెమ్మదిగా పోతున్నప్పుడు సగం పడిన గడియ కూడా గట్టిగానే పట్టుకున్నట్టు అనిపిస్తుంది. అది వదిలేసేది విమానం నేలను విడిచి వేగం అందుకున్నాకే, పైలట్‌కు చేతినిండా పని ఉన్న సమయంలోనే. నేల మీద చేసిన పరీక్షలో తలుపు నెగ్గడానికీ, గాలిలో ఓడిపోవడానికీ కారణం ఇదే.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే మొదటి అభ్యంతరం బలమైనది, తేలిగ్గా తోసిపుచ్చలేనిది. తలుపు తెరుచుకున్నంత మాత్రాన విమానం కూలదు, కూల్చేది పైలట్ కంగారు అంటారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రచురించే శిక్షణ గ్రంథం ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్ కూడా దాదాపు ఇదే చెబుతుంది. ముందు విమానాన్ని నడుపు, తలుపు సంగతి తర్వాత చూడు అన్నది ప్రాణాలు నిలిపే సలహా. తలుపు మూయబోయి స్టిక్ వదిలేసి, వేగం పోగొట్టుకుని కూలినవాళ్ళున్నారు. అయితే ఆ సలహా వెనక ఒక తలుపు బొమ్మ ఉంది. అది సెస్నా కంపెనీ చిన్న విమానాల తలుపు. దాని బందులు ముందు వైపు ఉంటాయి. గడియ ఊడినా ఎదురుగాలే దాన్ని వెనక్కి నెట్టి, కొద్ది అంగుళాల సందు మాత్రం వదిలి పట్టి ఉంచుతుంది. చప్పుడు, చలి, కాగితాలు ఎగరడం, అంతకు మించి పెద్దగా జరగదు. బందు పైన ఉన్న తలుపుకు ఆ రక్షణ లేదు. గాలి దాన్ని మూయదు, ఇంకా ఎత్తుతుంది, బందుల దగ్గర తెంచుతుంది. తెగిన తలుపు వెనక్కి పోయే దారిలోనే తోక ఉంది. ముక్కు పైకెత్తేదీ దించేదీ ఆ తోక అడ్డరెక్కే. దానికి తగిలితే పైలట్ ఎంత నిబ్బరంగా ఉన్నా నడపడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఇంజన్ వెనక ఉండే డిజైన్లలో అయితే ఊడింది ఏదైనా నేరుగా ప్రొపెల్లర్‌లోకే పోతుంది. కాబట్టి సెస్నాకు సరిపోయిన ధైర్యవచనాన్ని పైకి తెరుచుకునే తలుపులకూ అంటగట్టకూడదు.

గడియ వేసినట్టు కనిపించి పడకపోవడం చిన్న విమానాలకే పరిమితమైన లోపం కాదు. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ పట్టణం మీదుగా పోతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 విమానం సరుకు తలుపు ఊడిపోయింది. లోపలి గొలుసుకట్టు సరిగా పడకపోయినా, బలంగా నొక్కితే బయటి హ్యాండిల్ మూసుకునేది, కాక్‌పిట్‌లో హెచ్చరిక దీపం ఆరిపోయేది. ఆ రోజు అందరూ బతికారు. తర్వాత ఆ తలుపును సరిచేయమని ఎఫ్ఏఏ తప్పనిసరి ఆదేశం ఇవ్వలేదు, తయారీ సంస్థ సర్వీస్ బులెటిన్‌లతో సరిపెట్టారు. పిన్నులు పడ్డాయో లేదో చూడటానికి తలుపులో ఒక చిన్న కిటికీ పెట్టారు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 అదే తలుపు ఊడి కూలింది, 346 మంది చనిపోయారు. ఆ కిటికీలోంచి ఆ రోజు ఎవరూ చూడలేదని విచారణలో తేలింది. పాటించడం, పాటించకపోవడం ఇష్టానికి వదిలేసిన సవరణకూ, మనిషి కంటిని నమ్ముకున్న తనిఖీకీ వెల ఎంతో అక్కడ తెలిసింది. పెద్ద విమానాల తలుపులు ఆ తర్వాత మారాయి. లోపల గడియ పూర్తిగా పడకపోతే బయటి హ్యాండిల్ అసలు మూసుకోకూడదన్నది ఇప్పుడు అక్కడ మూలసూత్రం.

ఇంటి విమానాల దగ్గరికి ఆ సూత్రం ఎందుకు రాలేదంటే చట్టం తీరే వేరు. అమెరికాలో సగానికి పైగా పనిని సొంతంగా చేసిన విమానాన్ని ప్రయోగాత్మక వర్గంలో నమోదు చేస్తారు. కాగితం మీద తయారీదారు కిట్ అమ్మిన కంపెనీ కాదు, గ్యారేజీలో రివెట్లు కొట్టిన వ్యక్తి. ఈ విమానం మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడదని ప్రయాణికులకు కనిపించేలా లోపల బోర్డు ఉండాలి. కంపెనీ ఇచ్చే బులెటిన్ మీద 'తప్పనిసరి' అని ముద్రించి ఉన్నా చట్టం దృష్టిలో అది సలహాయే. తలుపును కత్తిరించి, అంటించి, గీకి సరిచేసుకునేది కట్టుకున్నవారే గనుక ఏ రెండు తలుపులూ ఒకేలా ఉండవు. ఒకరి విమానంలో మెత్తగా దిగే పిన్ను ఇంకొకరి దాంట్లో అంచుకు తగిలి ఆగుతుంది. తన తలుపు వెనక మూలను లోపలికి లాక్కుంటూ హ్యాండిల్ తిప్పాలని కట్టినవారికి చేతి అలవాటుగా తెలుసు. ఆ అలవాటు విమానంతో పాటు అమ్ముడుపోదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇలాంటి విమానాల మీద ఒక అధ్యయనం వెలువరించింది. చిన్న విమానాల్లో ఇవి పదో వంతే అయినా 2011లో ప్రమాదాల్లో సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. ప్రమాదానికి గురైన వాటిలో సగానికి పైగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి. ఆ ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇంజన్ వైఫల్యానికీ, అదుపు తప్పడానికీ చెందినవే, తలుపులవి కావు. అయినా రెండో యజమాని సంగతి గడియకూ వర్తిస్తుంది, కట్టినవారి చేతిలో ఉన్న జాగ్రత్త కొన్నవారి చేతికి అందదు.

చెక్‌లిస్ట్ చాలు కదా అనేవారున్నారు. తలుపులు మూసి ఉన్నాయా అన్న వరుస ప్రతి చెక్‌లిస్టులోనూ ఉంటుంది. కానీ పైలట్ దానికి బదులు చెప్పేది హ్యాండిల్‌ను చూసి, పిన్నును చూసి కాదు. కనపడని దాన్ని తనిఖీ చేయమంటే మనిషి కనపడిన దాన్నే తనిఖీ చేస్తాడు, అది నిర్లక్ష్యం కాదు. హెచ్చరిక దీపం కూడా పిన్ను బెజ్జంలోకి దిగినప్పుడే ఆరేలా ఉంటేనే పనికొస్తుంది, హ్యాండిల్‌కు తగిలించిన స్విచ్ మళ్ళీ అదే అబద్ధం చెబుతుంది. ఇక ఇలాంటి గడియలూ దీపాలూ ఉండాలని పట్టుబడితే సొంతంగా కట్టుకునే స్వేచ్ఛ పోతుందన్న భయం. దానికి జవాబు ఆ రంగంలోనే ఉంది. డిజైనర్ బర్ట్ రూటన్ గీసిన లాంగ్-ఈజెడ్ అనే ఇంటి విమానం నమూనాలో కాక్‌పిట్ కప్పుకు ప్రధాన గడియతో పాటు, అది ఊడితే కొద్దిగా తెరిచి పట్టుకునే రెండో కొక్కెం పెట్టారు. కప్పు మూయకుండా థ్రాటిల్ ముందుకు నెడితే హారన్ మోగేలా చేశారు. ఏ ప్రభుత్వం బలవంతపెట్టిందీ లేదు, గీసిన డ్రాయింగుల్లోనే అవి భాగం. కిట్ కంపెనీలు రెండో గడియనూ, పిన్ను స్విచ్చులనూ అదనపు ధరకు అమ్మే వస్తువులుగా కాక కిట్‌లో భాగంగానే ఇవ్వాలని కోరడం స్వేచ్ఛకు అడ్డు కాదు. ఈ రంగం మనకు దూరమైనదీ కాదు. లాక్‌డౌన్‌లో కేరళకు చెందిన ఇంజనీర్ ఒకరు బ్రిటన్‌లో కట్టుకున్న స్లింగ్ టీఎస్‌ఐ విమానం వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. ఆ నమూనా తలుపులు కూడా పైకి తెరుచుకునేవే.

చివరి అభ్యంతరమే నిజంగా ఆలోచింపజేసేది. గడియల మీద గడియలు పెడితే ప్రమాదం జరిగినప్పుడు లోపలివారు బయటికి రావడమెలా? విమానం తలకిందులై మంటలు రేగితే పైకి తెరుచుకునే తలుపు నేలకు ఆనుకుని అసలే తెరుచుకోకపోవచ్చు. బయటి నుంచి పరుగెత్తుకొచ్చిన రైతుకో, ఫైర్‌మన్‌కో రెండో కొక్కెం ఎక్కడుందో తెలియదు. ఈ చిక్కును మాటలతో దాటవేయలేం, కానీ గడియను బలహీనంగా ఉంచడం దానికి విరుగుడు కాదు. పూర్తిగా పడే గడియ, ఒక్క కదలికతో లోపలి నుంచీ బయటి నుంచీ విడిపోయే గడియ రెండూ ఒకటే కావచ్చు, దాన్ని అలా గీయాలి. కట్టినవారైనా, కొన్నవారైనా హ్యాంగర్‌లో ఇంజన్ ఆపి రెండు పరీక్షలు చేసుకోవచ్చు. మొదటిదానికి ఒకరు బయట నిలబడి తలుపు వెనక మూలను ఒక అంగుళం బయటికి లాగి పట్టుకోవాలి, లోపలున్నవారు హ్యాండిల్ తిప్పాలి. అది చివరిదాకా తిరిగి, దీపం కూడా ఆరిపోయిందంటే ఆ గడియను మార్చేదాకా విమానం బయటికి తీయకూడదు. రెండోదానికి ఆ విమానాన్ని ఎన్నడూ చూడని మనిషిని పిలవాలి. తలుపు పూర్తిగా బిగించి, ఏమీ చెప్పకుండా, బయటి నుంచి తెరవమనాలి. అతని చేయి ఎక్కడ తడబడిందో చూసి అక్కడ ఎర్ర రంగుతో బాణం గుర్తు వేయాలి.