త్యాగయ్య కొలువులో గిటార్లు

ఈ వారం మన ప్లేటు సినిమాది కాదు. సినిమా పత్రికలో సినిమా కాని పాటల గోలేమిటని అడగబోయే పాఠకులకు ముందే మనవి. కృతి త్యాగయ్యది, వాయించింది రాక్ బ్యాండు. ఇంతకు మించిన డ్రామా ఈ వారం ఏ హాల్లో ఆడుతోందో మీరే చెప్పండి!

బెంగళూరు బృందం 'అగం' 2012లో తెచ్చిన తొలి ఆల్బం 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్'. ఉద్యోగాలు చేసుకుంటూనే పాట పట్టిన కుర్రాళ్లు. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తాడు. కీబోర్డు స్వామి సీతారామన్‌ది. స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా, మలయాళం పడవపాట, హిందుస్తానీ మల్హారు, అన్నీ ఒకే కంచంలో వడ్డించారు. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. 1969లో ఇంగ్లండులో 'కింగ్ క్రిమ్సన్' వంటి బృందాలు మూడు నిమిషాల పాట చాలదని, శాస్త్రీయాన్నీ జాజ్‌నూ కలిపి, మధ్యలో నడక మార్చి పొడుగాటి పాటలు కట్టారు. నడక మార్చడం వాళ్లకు వింత కావచ్చుగానీ పల్లవి పాడే మన విద్వాంసుడికి కాదు లెండి.

మన వేములవాడ వాళ్లను ఇలాంటి పాటతో మెప్పించడం అంత తేలిక కాదు. ఏటా రాజన్న సన్నిధిలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరిగే ఊరు ఇది. పంచరత్నాలు విని విని పండిన చెవులు. అలాంటి చెవులున్న ఒక పెద్దాయనకు 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' వినిపించాను. 'బంటురీతి కొలువు' కృతికి వీళ్లు పెట్టుకున్న పేరది. రాగం హంసనాదం, అందుకని సరస్వతి హంసలన్నమాట. పాట సగంలోనే ఆయన చెయ్యెత్తేశాడు. "బాజాలెక్కువ, మాట తక్కువ బిడ్డా. త్యాగయ్య యాడున్నడు ఇండ్ల?" అన్నాడు.

కొట్టిపారేసే ప్రశ్న కాదది. గిటార్లు విజృంభించిన చోట మాట కన్నా రాగమే ముందుగా చెవికి అందుతోంది. తెలుగు అర్థం కావాలని వినేవాడికి అది లోటే. హరీష్ తెలుగును నమలకుండా పలికే ప్రయత్నం చేశాడు. కానీ తాళాలూ డ్రమ్ములూ కలిసి మోగేటప్పుడు ఎంత స్పష్టమైన గొంతైనా కొంత మునుగుతుంది. మిక్సింగు దగ్గర ఇంకాస్త దయ చూపించి ఉండవలసింది.

అయితే అపచారం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ కృతిలో త్యాగయ్య అడుగుతున్నదేమిటి? ఉద్యోగం! రాముడి దగ్గర బంటు పని. పులకింతలే కవచంగా, రామభక్తుడన్న పేరే బిళ్లగా, రామనామమే కత్తిగా పట్టుకొని కామాది శత్రువులను కూలగొడతానంటున్నాడు. ఇది సిపాయి పాట. తంబురా శ్రుతిలో ఈ వినయం చక్కగా వినిపిస్తుంది. ఆ కవచం చప్పుడు, ఆ అడుగుల బరువు మాత్రం నాకు మొట్టమొదట ఈ డ్రమ్ముల్లోనే వినిపించాయి. రాక్ బ్యాండు ఏదో ఒక మెత్తని శరణాగతి కృతిని పట్టుకుని ఉంటే పెద్దాయన పక్షానే నిలబడేవాణ్ణి.

ఇంకో సంగతి. హంసనాదంలో లక్షణం ప్రకారం ధైవతం ఉండేది. కాలక్రమంలో అది జారిపోయి, ఈనాటి కచేరీల్లో స రి మ ప ని అయిదు స్వరాలతోనే పాడుతున్నారు. అంటే శుద్ధమని మనం తల ఊపే రూపం కూడా నడుస్తూ నడుస్తూ మారి వచ్చినదే. మారినవాళ్లు విద్వాంసులైతే సంప్రదాయం, కుర్రాళ్లైతే అల్లరా?

కలపడం ఈ నేలకు కొత్తా ఏమన్నా? వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి 10వ శతాబ్దంలోనే గద్యం, పద్యం కలిపి కన్నడంలో చంపువుగా 'విక్రమార్జున విజయం' రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు మరీ ఘటికుడు. గంగాధర దగ్గర కురిక్యాల గుట్ట మీద ఒకే శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ చెక్కించాడు. తెలుగు వంతుకు కంద పద్యాలు! ఒక రాతికి మూడు భాషలు సరిపోయినప్పుడు ఒక పాటకు రెండు సంగీతాలు పట్టవా?

1980లో 'శంకరాభరణం' చూసినప్పటి నుంచీ మన బుర్రలో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. గిటారు ఒక వైపు, శంకరశాస్త్రి మరో వైపు. అయితే శాస్త్రిగారు ఆ పిల్లల పాశ్చాత్య బాణీని ముందు తానూ పాడి చూపిస్తారు సుమా. చప్పట్ల మోతలో ఆ ముక్క చాలామందికి గుర్తు లేదు.

ఆల్బం అంతా ఇదే ఎత్తున ఉందనను. తిల్లానా హుషారుగా సాగిపోతుంది. తిల్లానాకు మాటల బెడద లేదు కదా, గిటారుతో పేచీ తక్కువ. పడవపాటలో తెడ్ల ఊపు ఉంది, పిల్లలు ఒక్కసారి వింటే వదలరు. మల్హారు దగ్గర నాకు వాన కన్నా ఉరుములే ఎక్కువ వినిపించాయి.

వినదలచుకున్నవారికి ఒక సూచన. ముందు 'బంటురీతి'ని ఎవరైనా విద్వాంసుడి గొంతులో సావకాశంగా వినండి, మాటలు మనసుకు పట్టాలి. ఆ తర్వాతే దీన్ని పెట్టండి. చిన్న స్పీకరు మీద వద్దు, బాస్ సరిగ్గా పలికే పెట్టె కావాలి. పెద్దాయనకు కూడా ఈ వరసలోనే మరోసారి వినిపించబోతున్నాను. వస్తానన్నాడు, కానీ ఈసారి సౌండు మీట తన చేతిలోనే ఉండాలట!