ఎమోజీలు సరే, జవాబేదీ?

రాత్రి 9:30. తెనాలిలో మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. "ఈ రోజు మీ మూడ్ ఏంటో చాట్‌లో ఎమోజీ పెట్టండి" అంటోంది అమెరికా నుంచి ఒకావిడ. ఓ పసుప్పచ్చ నవ్వుముఖం పడేశాను. నా మూడ్ అదేం కాదు, ఆకలేస్తోందంతే. వెనకనుంచి అమ్మ "ఒరేయ్, చారు చల్లారిపోతోంది" అంటోంది. స్పీకర్లోంచి కేకలూ చప్పట్లూ విని నాన్న "మీ ఆఫీసులో ఎవరిదన్నా పెళ్లట్రా?" అనడిగారు. కాదు నాన్నా, ఆల్ హ్యాండ్స్ మీటింగ్. కంపెనీ మొత్తం, 600 మందిమి, ఒకే కాల్‌లో.

మా హెచ్చార్ వాళ్లకి ఈ మధ్య ఒకటే దిగులు. ఇళ్లనుంచి పనిచేసేవాళ్లు ఈ మీటింగుల్లో "ఎంగేజ్" అవట్లేదట! దానికి మందుగా క్విజ్, బింగో, టోపీల పోటీ, కెమెరా తప్పనిసరి. కెమెరా సంగతే చూడండి. జూమ్ గ్యాలరీ వ్యూలో ఒక తెర మీద మహా అయితే 49 ముఖాలు. 600 మందిని చూడాలంటే 13 పేజీలు తిప్పాలి. ఎవర్ని ఎవరు చూస్తున్నట్టు?

అసలు మేం ఎంగేజ్ అవకపోవడమేంటండీ? ఆ మీటింగుకి ప్రశ్నల పెట్టె ఒకటుంది. పేరు చెప్పకుండా అడగొచ్చు, నచ్చినదానికి ఓటేయొచ్చు. మొన్న అందులో అన్నిటికన్నా పైనున్నది, 140 మంది ఓటేసింది: "సపోర్ట్ టీముని ఉంచుతారా, తీసేస్తారా?" పావుగంట క్విజ్ (అమెరికా ఆఫీసుకొచ్చే కుక్కపిల్ల పేరేంటన్నది అందులో ఓ ప్రశ్న, ఒట్టు!), అరగంట స్లైడ్లు పోగా చివర్లో ఐదు నిమిషాలు మిగిలాయి. సీఈఓ గారు పై ప్రశ్న వదిలేసి, ఏడు ఓట్లొచ్చిన "మీకిష్టమైన పుస్తకం ఏది?" అన్నదానికి తీరిగ్గా జవాబు చెప్పారు. మిగతావి మెయిల్లో చెప్తామన్నారు. ఆ మెయిల్ ఇంకా రాలేదు.

పదకొండు రోజుల తర్వాత సపోర్ట్ టీములో తొమ్మిది మంది లాగిన్లు ఆగిపోయాయి. అందులో ఒకడు నాతో ఇంజనీరింగ్ చదివినవాడు. ఆ రాత్రి మీటింగవగానే ఫోన్ చేసి, "ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చెయ్యనా రా?" అనడిగాడు. "ఇచ్చెయ్, ఏమన్నా ఉంటే ఈ రోజు చెప్పేవాళ్లుగా" అన్నాను. నేనే అన్నాను.

2021 డిసెంబర్లో బెటర్ డాట్ కామ్ సీఈఓ ఒక జూమ్ కాల్ పెట్టి, అందులోనే దాదాపు 900 మంది ఉద్యోగాలు తీసేశాడు. అప్పట్నుంచీ వేళకాని వేళ మీటింగ్ ఇన్వైట్ వస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లతో బింగో ఆడిస్తే ఆడతారు, ఎందుకాడరు? ఆడకపోతే ఎవరి కంట్లో పడతామో అని.

గూగుల్లో టీజీఐఎఫ్ అని వారం వారం మీటింగ్ ఉండేది. వ్యవస్థాపకుల్ని మొహమ్మీదే ఇబ్బందికరమైన ప్రశ్నలు అడగొచ్చని దానికి పేరు. జనం వచ్చింది అందుకే, బింగో కోసం కాదు. 2019లో దాన్నీ నెలకోసారికి కుదించి, వ్యాపారం, ప్రొడక్టుల సంగతులకి పరిమితం చేశారనుకోండి.

ఆటలంటే నాకు పగేం లేదు. మా టీములో పదిమందిమి శుక్రవారం కాల్‌లో అంత్యాక్షరి ఆడాం, బ్రహ్మాండంగా ఉంది. 600 మందితో ఆ గంటని తినెయ్యకండి అంటున్నాను. అమ్మకాలెంత, కొత్త ఫీచర్లేంటి అన్నవి ముందురోజే రాసి పంపండి, చదువుకుంటాం, చదవడం వచ్చు మాకు. ఉన్న గంటా ప్రశ్నలకివ్వండి. ఓట్ల వరసలో, ఏదీ దాటెయ్యకుండా. చెప్పలేనిదైతే "ఇప్పుడు చెప్పలేం, ఫలానా తారీకున చెప్తాం" అనండి. అదీ జవాబే. అంతమాత్రం అనుంటే మావాడు ఆ అడ్వాన్స్ ఆపేవాడు.

ఇక వేళ సంగతి. పసిఫిక్ టైము ఉదయం 9 అంటే వేసవిలో మనకి రాత్రి 9:30. నవంబర్లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే 10:30. తిప్పుకునేది వాళ్లు, నిద్ర పోగొట్టుకునేది మనం. నెల విడిచి నెల మన ఉదయం 8 గంటలకి పెట్టొచ్చుగా? వాళ్లకి అది ముందురోజు సాయంత్రం 7:30, చలికాలమైతే 6:30. ఇదే మా మేనేజర్‌తో అంటే "అది వాళ్లకి ఫ్యామిలీ టైం కదా" అన్నాడు. మరి మా చారు?

వచ్చే గురువారం మీటింగుకి ఇన్వైట్ వచ్చేసింది. థీమ్ "రెట్రో డ్రెస్" అట. నాన్న పెళ్లినాటి సఫారీ సూటు కోసం అమ్మ బీరువా వెతుకుతోంది. తొమ్మిది మంది ప్రశ్న నేను మళ్లీ పెట్టాను, ఈసారి నా పేరుతో. ఇప్పటికి 31 ఓట్లు.