రోడ్డు వాళ్లది, రద్దీ మనది

హైదరాబాద్‌లో ట్రాఫిక్ పెరిగిపోయిందని రోజూ పేపర్లు రాస్తున్నాయి. కారులో గంటన్నర ఇరుక్కుపోయామని ఉద్యోగులు గోల పెడుతున్నారు. ఆ బాధ అబద్ధమని మనం అనం. కానీ అదే రోడ్డు పక్కన సర్కారు బడిలో ఒక్క గదిలో రెండు తరగతుల పిల్లలను కుక్కి పాఠం చెప్తుంటే అది ఎవరికీ వార్త కాదు. వరండాలో కూర్చున్న పిల్లల ఫొటో ఏ పేపరు మొదటి పేజీలోనూ పడదు. రోడ్డు మీద కార్ల రద్దీ సమస్య అయింది. బడిలో పిల్లల రద్దీ మామూలు సంగతి అయింది. ఎందుకంటే కార్లలో ఉన్నదెవరో, ఆ బడుల్లో ఉన్నదెవరో అందరికీ తెలుసు.

ఈ రెండు రద్దీలూ వేర్వేరు కావు. ఒక్క వేరు నుంచి పుట్టిన రెండు కొమ్మలు. ఆ వేరును చూడకుండా ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా రోడ్డు ఖాళీ కాదు, ఎన్ని పథకాలకు పేర్లు పెట్టినా బడి బాగుపడదు.

ఊళ్లో ఉండే మనకు పట్నం గొడవ ఎందుకని అడగొచ్చు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, మెదక్ నుంచి మన వాడల జనం సగం ఆ పట్నం అడ్డాల మీదే ఉన్నారు. అదొక కారణం. రెండోది, పట్నమే మన ఊరికి నడిచొస్తోంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు 2018 నాటికి పూర్తయింది. ఇప్పుడు సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా ఇంకా పెద్ద వలయం, రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నారు. నిన్న కొల్లూరుకు, ఆదిబట్లకు జరిగింది రేపు ఆ దారిలోని ప్రతి ఊరికీ జరుగుతుంది. ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవాలి గదా!

పట్నం ఎట్లా పెరిగిందో చూడండి. 2007 ఏప్రిల్‌లో పాత మున్సిపల్ కార్పొరేషన్‌కు 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2011 జనాభా లెక్కల నాటికే అందులో 67 లక్షల మంది తేలారు. 2025 చివరలో మరో 27 పట్టణ సంస్థలను కలిపేశారు. కలిపిన ప్రతిసారీ పన్ను పెరిగింది, భూమి ధర పెరిగింది. కోకాపేటలో 2023 ఆగస్టులో సర్కారు వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. వంద కోట్లు పలికే నేల మీద బడికి రెండెకరాలు వదలమంటే ఏ సర్కారుకు చెయ్యి వస్తుంది? బడి నుంచి అద్దె రాదు, ఆట స్థలం నుంచి కమీషన్ రాదు. అందుకే టవర్లు లేచినంత వేగంగా బడులు లేవలేదు.

ఆ టవర్లు కట్టినదెవరు? పునాది తవ్వినదెవరు? రాళ్లు మోసినదెవరు? పాలమూరు కూలీలు, ఒడిశా కూలీలు, బీహార్ కూలీలు. వాళ్ల పిల్లలు ఎక్కడ చదవాలి? ఒకప్పుడు ఊరి పిల్లల కోసం కట్టిన నాలుగు గదుల బడి ఉంటుంది. వాడ పిల్లలు, వలస కూలీల పిల్లలు అంతా ఆ బడికే వస్తారు. గదులు అవే. పంతుళ్లు వాళ్లే. పట్నం పశ్చిమాన, శేరిలింగంపల్లి వైపు సర్కారు బడులు పిల్లలతో పొంగిపోతున్నాయి. పాతబస్తీలో చూస్తే అద్దె కొంపల్లో, ఒకే భవనంలో రెండు మూడు బడులు నడుస్తున్నాయి. అటు మారుమూల పల్లెలో పిల్లలు తగ్గారని బడి మూసేస్తున్నారు. ఊళ్లో పని లేక తల్లిదండ్రులు పట్నం పోతే పిల్లలు తగ్గరా? ఊళ్లో మూసిన బడి పట్నంలో తెరుచుకోలేదు. నడుమ పిల్లవాడు జారిపోయాడు.

చట్టం లేదా అంటే ఉంది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లో ఉంది. కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపల ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలని నిబంధనలు చెప్తున్నాయి. ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలి, టీచరుకో గది ఉండాలి. ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి, తాగునీరు, ఆట స్థలం ఉండాలి. అయితే ఆ టీచర్లు ఎక్కడినుంచి రావాలి? తెలంగాణలో 2017లో టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తరువాత పెద్ద నియామకం 2024లో, 11,062 పోస్టులకు. నడుమ ఏడేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడో తరగతి దాటిపోయింది. ఆ ఏడేళ్లలో పట్నం ఆగిందా? టవర్లు ఆగాయా?

కొల్లూరు లెక్క ఒక్కటి చూద్దాం. రింగు రోడ్డు పక్కన అక్కడ ఒకే చోట 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు ఇవ్వడం మంచిదే. పక్కా ఇల్లు మన హక్కు. కానీ ఇంటికి ఒక్క బడి ఈడు పిల్ల ఉందనుకున్నా, ఇళ్లన్నీ నిండితే 15,660 మంది పిల్లలు. ముప్పై మందికి ఒకరు చొప్పున 522 మంది టీచర్లు కావాలి, 522 గదులు కావాలి. ఇళ్ల నమూనా గీసిన రోజే బడుల నమూనా గీయాలి గదా? పట్నం నడిబొడ్డులో ఇళ్లలో పాచిపని చేసుకునే అక్కను దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి పెడితే, ఆమె పనికి ఏ బస్సులో రావాలి? ఆమె బిడ్డ పాత బడికి ఎట్లా పోవాలి? 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ఒడ్డు ఇళ్లు ఖాళీ చేయించి జనాన్ని డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలించారు. బడులు నడుస్తున్న నెలల్లో! కలవారి పిల్లల పరీక్షలకు సెలవులు సర్దుతారు. మన పిల్లల చదువు నడుమ ఇల్లే పీకుతారు.

ఇక రోడ్డు సంగతికి వద్దాం. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఏ కూడలిలోనైనా నిలబడి చూడండి. పసుపు బస్సులు, వ్యాన్లు, పిల్లలను కుక్కిన ఆటోలు, ఒక్క పిల్లవాడిని దింపడానికి వచ్చిన కార్లు. పక్క వీధిలో మంచి బడి ఉంటే ఇంత తిరుగుడు ఎందుకు? సర్కారు బడిని పాడుబెట్టారు కాబట్టి ప్రైవేటు బడి పుట్టింది. ప్రైవేటు బడి ఫీజు చూసి పిల్లలను ఏరుకుంటుంది, దూరం చూసి కాదు. అందుకే ఒక బస్తీ పిల్లలు పది దిక్కులకు పోతున్నారు. మన వాళ్లు కూడా పొట్ట మాడ్చుకొని వ్యాను కిరాయి కడుతున్నారు. మోజు కొద్దీ కడుతున్నారా? పక్కనున్న బడిలో టీచరు లేక కడుతున్నారు. కొఠారీ కమిషన్ 1964-66లోనే ఇరుగుపొరుగు పిల్లలంతా కులం, డబ్బు తేడా లేకుండా ఒకే బడిలో చదవాలని చెప్పింది. కలెక్టరు పిల్లా, కూలీ పిల్లా ఒకే బల్ల మీద కూర్చోవాలంటే ఎవరికి మింగుడుపడుతుంది? ఆ మాట ఫైల్లోనే ఉండిపోయింది. మన పక్కన కూర్చోవడం ఇష్టం లేనివాళ్ల పిల్లలు ఇప్పుడు పది కిలోమీటర్లు పోయి చదువుతున్నారు. ఆ దూరమే రోడ్డు మీద రద్దీ అయింది. అంటరానితనం పెట్రోలు కూడా తాగుతుందని ఈ పాలకులకు ఎవరు చెప్పాలి?

దీనికి సర్కారు చేస్తున్న మందు ఏమిటి? ఫ్లైఓవరు. ఒకటి నిండితే ఇంకొకటి. దారి వెడల్పైతే ఇంకో వెయ్యి కార్లు వస్తాయి, మళ్లీ నిండుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకు రానివ్వరు, ఆటో రానివ్వరు, నడిచేవాడిని అసలే రానివ్వరు. భూమి పోయిన ఊరి రైతు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద తిరగాలి. 2023లో ఆ రోడ్డు టోలు వసూలును ముప్పై ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి 7,380 కోట్లకు అప్పగించారు. ఆ డబ్బులో భూమి పోయిన ఊళ్ల బడులకు ఎంత వచ్చిందో అడిగిన నాయకుడెవరు? 2017లో మెట్రో వచ్చింది. కట్టిన 69 కిలోమీటర్లలో పాతబస్తీ భాగం వదిలేశారు. 2025 మేలో చార్జీలు పెంచారు. రోజు కూలీ చేసేవాడు రానూ పోనూ ఆ టికెట్ కొంటే సాయంత్రానికి కూర ఖర్చు మిగలదు.

పేదవాడి బండి బస్సే. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన సర్వీసు ఇది. ఒక బస్సు రోడ్డు మీద రెండు మూడు కార్ల చోటు తీసుకుంటుంది, యాభై అరవై మందిని మోస్తుంది. అంతే చోటులో కార్లు మోసేది ముగ్గురినో నలుగురినో. మరి రద్దీ తగ్గించాలంటే ఏది పెంచాలి? చిన్నపిల్లవాడు చెప్తాడు. కానీ 2019లో కార్మికులు 52 రోజులు సమ్మె చేసిన తరువాత పట్నంలో వందల బస్సులు తగ్గించారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మన అక్కచెల్లెళ్లు పనికి, ఆస్పత్రికి, కాలేజీకి ధైర్యంగా పోతున్నారు. దాన్ని చూసి కొందరు "ఫ్రీ బస్సు వల్లే ఈ తొక్కిసలాట" అని మూతి తిప్పుతున్నారు. తొక్కిసలాట ఆడవాళ్ల వల్ల రాలేదు, బస్సులు చాలక వచ్చింది. టికెట్ మాఫీ చేసినవాళ్లు బస్సులు కూడా పెంచాలి. పథకం మనది, దాన్ని కాపాడుకుంటూనే బస్సులు అడగాలి.

ఇంకో మాట. ఈ రోడ్లను తెల్లవారకముందే ఊడ్చేది ఎవరు? ఎక్కువమంది మన తల్లులే. కాంట్రాక్టు జీతం మీద, దూసుకుపోయే బండ్ల నడుమ ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఊడుస్తారు. రోడ్డు అద్దంలా ఉండాలి, ఊడ్చిన తల్లి బిడ్డ మాత్రం వరండాలో చదవాలి. ఇదేనా మహానగరం?

రోడ్డు కోసం, బడి కోసం కొట్లాట మనకు కొత్త కాదు. కేరళలో అయ్యంకాళి 1893లో అంటరానివాళ్లు నడవగూడదన్న దారి మీద ఎడ్లబండి తోలాడు. ఆ తరువాత పంచమి అనే పాపను వెంటబెట్టుకొని బడికి పోతే ఆ బడినే తగలబెట్టారు. బడిలో చేర్చుకోకపోతే పొలంలో దిగమని కూలీలు పని బంద్ చేశారు. ఈ హైదరాబాద్‌లోనే భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారులో మన పిల్లలకు బడి తెరిచాడు. సర్కారు కోసం ఎదురుచూడకుండా ఒకదాని తరువాత ఒకటి బడులు పెట్టుకుంటూ పోయాడు. దారి, బడి రెండూ ఒక్కటేనని వాళ్లకు ఆనాడే తెలుసు. బడి దాకా పోయే దారి లేకపోతే బడి ఉన్నా లేనట్టే.

డబ్బు లేదంటే నమ్మకండి. దళిత సంఘాలు కొట్లాడితే 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. జనాభాలో మన వాటా ఎంతో బడ్జెట్లో అంత ఖర్చు పెట్టాలి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం. కానీ 2013 చట్టంలోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. అందరూ వాడే, విడదీయ వీలులేని నిర్మాణాల ఖర్చులో కొంత భాగాన్ని మన ఖాతాలో రాసుకోవచ్చు. అంటే మనం ఎక్కని ఫ్లైఓవరు ఖర్చు కూడా మన పేరు మీద పడొచ్చు. ఎంత రాశారు, దేనికి రాశారు అని సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లాలో అడగాలి.

సంఘాల కార్యకర్తలు ఇప్పుడు చెయ్యవలసిన పనులు కొన్ని ఉన్నాయి. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి, సర్కారు ఇచ్చే నిధులకు అదే ఆధారం కావాలని చట్టంలోనే ఉంది. ఎన్ని చోట్ల ఆ కాగితం రాశారు? హెడ్మాస్టరు చెప్పిన చోట వేలిముద్ర వేసి వచ్చే కమిటీ మనకొద్దు. పిల్లలెందరు, గదులెన్ని, టీచర్లెందరు, ఏ బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, ఇవి మనమే లెక్క తీసి రాయాలి. వలస కూలీల పిల్లల పేర్లు కూడా అందులో రాయాలి. వాళ్ల భాష వేరు కావచ్చు, ఆకలి వేరు కాదు. వాళ్ల వల్లే మన బడి నిండిపోయిందని ఎవరైనా పుల్ల పెడితే ఆ మాయలో పడొద్దు.

కొత్త రింగు రోడ్డు దారిలో ఉన్న ఊళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సర్వేకు వచ్చినప్పుడు నష్టపరిహారం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రేపు వచ్చే కాలనీలకు బడి స్థలం ఎక్కడ, బస్టాండు ఎక్కడ, ఈ దారి దాటి మా పిల్లలు బడికి ఎట్లా పోవాలి అని గ్రామసభలో తీర్మానం రాయించాలి. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లు పట్టా కాగితాలు పెట్టెలోంచి తీసి చూసుకోవాలి. పొలం పోయాక, కంచె పడ్డాక అడిగితే వినేవాడుండడు.

పట్నం పెరగొద్దని మనం అనడం లేదు. ఊళ్లో వెలివాడ నుంచి బయటపడడానికి మనవాళ్లెందరో పట్నం దారి పట్టారు. ఆ పట్నం అంచున మళ్లీ ఇంకో వెలివాడ కట్టి, బడి లేకుండా, బస్సు లేకుండా మనల్ని అందులో పడేస్తామంటే ఒప్పుకోం. జూన్‌లో బడులు తెరవకముందే మన వాడ లెక్క మన చేతిలో ఉండాలి. ఈ నెలలోనే కూర్చొని లెక్క మొదలుపెట్టండి.