నడిచేది కాళ్లతో, ఎక్కేది నడుంతో

వైకల్య శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ పేరుకు ముందు ‘బోగస్’ అని చేర్చకుండా పలికేవాళ్లు ఈ మధ్య తగ్గిపోయారు. పెళ్లి పంక్తిలో కూర్చున్నా, బస్సెక్కినా ఒకటే కథ. ఫలానా ఊళ్లో ఒకడున్నాడట, వికలాంగుల పెన్షన్ తీసుకుంటాడట, సాయంత్రమైతే బుల్లెట్ మీద షికారు కొడతాడట. ఆ ఒకడు చెప్పేవాళ్ల ఊళ్లో మాత్రం ఎప్పుడూ ఉండడు. పక్క ఊరే.

అలాంటివాళ్లు అసలు లేరని నేననను. డబ్బు తీసుకుని శాతాలు రాసిన డాక్టర్లున్నారు, మధ్యలో తిన్న బ్రోకర్లున్నారు. వాళ్ల కోసం చట్టమూ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం మోసంతో ఈ సాయం పొందినవాడికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ వాడండి, ఎవరొద్దన్నారు? నలుగురు దొంగలున్నారని క్యూ మొత్తాన్నీ దొంగల వరసగా చూస్తున్నారే, ఆ చూపుతోనే నా తగువు. ఆ చూపుకు ఎంతసేపూ లోపలికి దూరినవాడే కనిపిస్తాడు. గుమ్మం బయటే ఆగిపోయినవాడు కనిపించడు.

అలా ఆగిపోయిన ఒకాయన సంగతి చెబుతాను. మా అమ్మ పుట్టిల్లు గోదావరి వైపు పల్లె. అక్కడ ఒక గీత కార్మికుడు మూడేళ్ల కిందట తాటిచెట్టు మీంచి పడ్డాడు. వయసు నలభై మూడు. నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ అయింది, నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు, తర్వాత లేచి నడిచాడు. ఇంట్లోవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. ఆ నడకే ఆయన కొంప ముంచుతుందని అప్పుడెవరికీ తెలియదు.

సదరం పరీక్షకు స్లాట్ దొరికిన రోజున తోడుగా నేనూ వెళ్లాను. ఆసుపత్రి వరండాలో పొద్దున ఏడింటికే జనం. చంకకర్రల వాళ్లు, బిడ్డల్ని భుజాన వేసుకొచ్చిన తల్లులు, ఎక్స్‌రే కవర్లు తలకింద పెట్టుకుని నేల మీదే పడుకున్న ముసలివాళ్లు. మధ్యాహ్నం రెండు దాటాక మా వాడి పేరు పిలిచారు. డాక్టరు గారు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. ‘నడువు’ అన్నారు. నాలుగడుగులు నడిచాడు. ‘వంగు’ అన్నారు. చేతులు మోకాళ్ల దాకా వెళ్లి ఆగిపోయాయి. ‘నడుస్తున్నావుగా, ఇంకేం?’ అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. ఆయన బల్ల ముందు ఇంకా ఎందరో ఉన్నారు పాపం.

మావాడు చేతులు కట్టుకుని, ‘నడిచేది కాళ్లతోనండి, చెట్టెక్కేది నడుంతోనండి’ అన్నాడు.

గీత పని తెలిసినవాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మోకు నడుముకు తగిలించుకుని, ఒళ్లంతటి బరువూ దాని మీద వాల్చి, రెండు చేతులూ గెల మీద పెట్టి గీయాలి. నడుము ఆగకపోతే మనిషి ఆగడు. ఆ సంగతి రాసుకోవడానికి డాక్టరు గారి ముందున్న కాగితంలో చోటు లేదు. కొన్నాళ్లకు సర్టిఫికెట్ వచ్చింది, 35 శాతం అని. పెన్షన్‌కి 40 కావాలి.

ఆ 40 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఏదో ఒకటి 40 శాతానికి తగ్గకుండా ఉంటేనే ‘బెంచ్‌మార్క్’ అర్హత. డాక్టరు కొలిచేది శరీరాన్ని. కీలు ఎంత వంగుతోంది, కన్ను ఎంత కనిపిస్తోంది, చెవి ఎంత వింటోంది, అంతవరకే. ఆ మనిషి ఆ ఒంటితో ఏం పని చేసి బతికేవాడన్నది ఎక్కడా రాదు. పని చేయలేనివాళ్లకు ఆసరా అని చెప్పి పథకం పెట్టి, పని అనే మాటే లేని కొలబద్దతో అర్హత తేల్చడం మనకు వింతగా తోచకపోవడమే వింత.

ఒకే కన్నుకు మన దగ్గర రెండు లెక్కలున్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే, వైకల్యం కొలిచే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అది 30 శాతం. పెన్షన్ రాదు. అదే మనిషి ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆ కన్ను పోగొట్టుకుంటే 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం దాన్ని 40 శాతం సంపాదనశక్తి నష్టంగా లెక్కగట్టేది. తెల్లదొరల కాలపు చట్టానికి తెలిసిన తేడా, ఆ మనిషి సంపాదన ఎంత పోయిందన్నది, మన సంక్షేమానికి ఇప్పటికీ తెలియదు.

తెలియదనడం కూడా మర్యాదకే. 1975 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసు తేల్చింది. సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. చెయ్యి ఎన్ని అంగుళాల దగ్గర తెగిందన్న లెక్కతో పరిహారం తగ్గించాలని యజమాని వాదన. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు అన్నది కోర్టు. 2010లో రాజ్‌కుమార్ మోటారు ప్రమాదం కేసులో ఇంకా విప్పి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది, గుమాస్తా ఉద్యోగం మాత్రం నిలబడవచ్చు. ఒంటి శాతం వేరు, సంపాదన శాతం వేరు అని. మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లు రోజూ ఈ సూత్రంతోనే పరిహారాలు తేలుస్తున్నాయి. లారీ గుద్దితే వర్తించే న్యాయం తాటిచెట్టు మీంచి పడితే ఎందుకు వర్తించదు?

ఇక బోగస్ మాట తర్వాత వినిపించే రెండో వాదన. పెన్షన్ ఇస్తే సోమరిపోతులవుతారని. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ 2024 జూలై నుంచి 3,000 కాస్తా 6,000 అయింది. మంచం పట్టిన పక్షవాత రోగులకు 15,000 చేశారు. పెంచినందుకు మెచ్చుకోవాల్సిందే. తెలంగాణలో ఆసరా కింద 2023లో 4,016 చేశారు. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే ఆరు వేలంటే రోజుకు 200. అదే రాష్ట్రంలో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకు 307. మట్టి పనికి వెళ్తే 307 వచ్చే చోట, 200 కోసం నడుము విరిగినట్టు నటిస్తూ పొద్దుట్నుంచీ వరండాలో పడుండే సోమరి ఎవడో నాకు చూపించండి. కేంద్రం సంగతి ఇంకా బాగుంటుంది. ఇందిరాగాంధీ వికలాంగ పెన్షన్ పథకంలో దాని వాటా నెలకు 300, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. 2012 నుంచి ఆ అంకె కదల్లేదు. నెల మొత్తానికి ఢిల్లీ ఇచ్చేది ఒక్క రోజు ఉపాధి కూలికి ఏడు రూపాయలు తక్కువ!

బోగస్‌ల ఏరివేత జరిగిన తీరు కూడా చూశాం. 2025 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో పాత వికలాంగ పెన్షన్లన్నీ మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టారు. ఆగస్టులో నోటీసులు వచ్చాయి, 40 కంటే తక్కువ తేలింది కాబట్టి మీరు అనర్హులని. ఏళ్ల తరబడి పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా అనర్హులయ్యారు. గోల పుట్టాక అప్పీలు చేసుకోమన్నారు. అప్పీలు ఇవ్వడం మంచిదే. నేనడిగేది వేరు. నిరుడు 50 అని ఒక డాక్టరు రాసిన నడుముకు ఈ ఏడు ఇంకో డాక్టరు 35 రాస్తే, ఇద్దరిలో ఒకరు తప్పు రాసినట్టే కదా. ఏ డాక్టరుకు నోటీసు వెళ్లింది? రెండు కొలతల మధ్య తేడాకు సంజాయిషీ చెప్పుకోవలసింది మాత్రం ఆ నడుము మోస్తున్నవాడు. పైగా అదీ బోగస్‌ల ఖాతాలోనే పడింది. ‘చూశారా, ఇంతమంది దొంగలు’ అన్నారు పెళ్లి పంక్తిలో.

ఖజానాకు దిక్కెవరని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది, శాతాలు తీసిపారేసి అడిగినవాడికల్లా ఇమ్మని నేనూ అనడం లేదు. డాక్టరు శరీరాన్ని కొలవనీండి. ఆ పక్కనే ఇంకో గడి పెట్టండి: చేసే పని ఏమిటి, అందులో ఇప్పుడు ఏది చేయలేడు? ఊళ్లో సచివాలయం ఉంది, అందులో సంక్షేమ సహాయకులున్నారు, ఫలానావాడు తాడి ఎక్కేవాడో గుమాస్తా పని చేసేవాడో తెలియని ఊరు ఉండదు. 40కి నాలుగడుగుల దూరంలో ఆగిపోయినవాళ్లకైనా ఆ గడి చూసి తేల్చండి. బుల్లెట్ బండివాడు కూడా అక్కడే దొరుకుతాడు, వాడి పని వాడు చేసుకుంటున్నాడని ఊరికి తెలుసు కాబట్టి.

మీ వీధిలో 32 అనో 38 అనో రాసిన కాగితం పెట్టెలో దాచుకున్న మనిషి ఉంటే ఒక సాయం చేయండి. సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. అర్జీ మీరు రాసిపెట్టండి. మొదటి వాక్యంలోనే ఆయన చేసే పని పేరు రాయండి, రెండో వాక్యంలో అందులో ఇప్పుడు ఏది చేయలేకపోతున్నాడో రాయండి. మా గీత కార్మికుడి అర్జీ అలాగే రాశాం. కింద ఆయనే సంతకం పెట్టాడు. ఐదు నెలలైంది. జవాబు రాలేదు.